లెవెన్‌కీ ట్వెల్వ్‌కీ మధ్య దగ్గు

మా పక్క వాటాలో ఉండే సుజాత వచ్చే జూన్‌లో ఎల్‌కేజీ టీచరుగా చేరబోతోంది. మొన్న సాయంత్రం డైరీ, పెన్ను పట్టుకుని వచ్చి, "నాలుగేళ్ళ పిల్లలకి ఏడాది తిరిగేసరికి ఏమేం వచ్చి ఉండాలండీ మేడమ్?" అని అడిగింది. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇంగ్లీషు అక్షరాలు పెద్దవీ చిన్నవీ రాయడం. ఒకటి నుంచి వంద దాకా చూడకుండా రాయడం, ఇరవై నుంచి వెనక్కి చెప్పడం. క్యాట్, బ్యాట్, మ్యాట్ లాంటి మూడక్షరాల మాటలు. అ నుంచి అః దాకా. పాతిక రైములు, రంగులు, వారాలు, నెలలు, ప్రధానమంత్రి పేరు. అమ్మాయి అంతా రాసుకుని, థాంక్సండీ అని వెళ్ళిపోయింది.

ఆమె గేటు వేసిన చప్పుడు విన్నాక మనసు పీకింది. ఇరవై ఎనిమిదేళ్ళు చిన్నపిల్లల క్లాసులో గడిపి, కొత్తగా వచ్చే మనిషికి నేను ఇచ్చింది ఆ జాబితా ఒక్కటేనా అనుకున్నాను. ఆ జాబితాతోపాటు చెప్పవలసింది ఒకటుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కొంత, నన్ను తిడతారని ఎక్కువ.

గూడెంలో నేర్చుకుని ఏలూరులో మరిచిపోయింది

నా మొదటి ఉద్యోగం తాడేపల్లిగూడెంలో, చర్చి ఆవరణలో ఉన్న చిన్న బడిలో. అక్కడి హెడ్మిస్ట్రెస్ ఎలిజబెత్తమ్మ గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచీరలో ఉండేవారు. చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోలేని పిల్లాడి చేతికి పెన్సిల్ ఇవ్వనిచ్చేవారు కాదు. నేను చేరిన కొత్తలో ఒక పిల్లాడు పలక మీద అక్షరాలు వరసగా రాస్తే మురిసిపోయి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పలక వైపు చూడనేలేదు.

"క్యారియర్‌లో ఏం తెచ్చుకున్నావురా?" అని వాణ్ణి అడిగారు.

"బిర్యానీ అండి," అన్నాడు వాడు. తెచ్చింది పెరుగన్నం.

ఆవిడ పకపకా నవ్వి, "వీడికి చదువు వస్తుంది శాంతా, అబద్ధం ఆడటం వచ్చేసింది," అన్నారు. అప్పుడు నాకు ఆవిడకి కాస్త తిక్క అనిపించింది. లేనిదాన్ని మనసులో కట్టుకుని తన మాటల్లో చెప్పగలిగాడని ఆవిడ సంతోషమని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పెళ్ళయ్యాక ఏలూరు వచ్చేశాను. పవర్‌పేట స్టేషన్‌కి దగ్గర్లో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేరాను. అక్కడ కరస్పాండెంట్ గారు చెడ్డమనిషి కాదు. పిల్లలకి జ్వరమొస్తే తన స్కూటర్ మీద ఇంటికి దింపేవారు. కానీ ఆయన క్లాసుని చెవితో కొలిచేవారు. రబ్బరు చెప్పులేసుకుని వరండాలో చప్పుడు కాకుండా నడిచేవారు. ఏ గదిలోంచైనా పిల్లలు ఒక్క గొంతుతో వల్లిస్తుంటే తృప్తిగా తలూపేవారు, విడివిడి గొంతులు వినిపిస్తే గుమ్మంలో ఆగేవారు. ఆయన ఆగడం మాకు తిట్టుతో సమానం. ఫిబ్రవరికల్లా జాబితా పూర్తికాని పిల్లల్ని నర్సరీకి దించేయాలని ఆయన నియమం.

నేను ఆ స్కూల్లో బాగా రాణించాను. నా పేరు శాంత కానీ నా నోరు ఎప్పుడూ శాంతం కాదు. నా క్లాసు పిల్లలందరిదీ ఒకటే గొంతు. పేరెంట్స్ చూసే శనివారం ముందు పిల్లల నోటుబుక్కుల్లో ఖాళీ పేజీలుంటే, పెన్సిల్ ఎడమచేతిలో పట్టుకుని నేనే రాసేసేదాన్ని. ఎడమచేత్తో రాస్తే అక్షరాలు వంకరపోయి అచ్చం నాలుగేళ్ళ పిల్లల రాతలా ఉంటాయి. టీచర్లందరికీ తెలిసిన విద్యే ఇది, ఎవరూ పైకి చెప్పరు.

దీవెన

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన తొలి ఏళ్ళలో కొల్లేరు లంక ఊళ్ళ నుంచి కూడా పిల్లల్ని ఏలూరు స్కూళ్ళకి పంపడం మొదలైంది. దీవెన అలా వచ్చింది. తండ్రి చేపల చెరువుల కాపలా. తల్లి పేరు కరుణ. పొద్దున్నే తాటిదోనెలో రోడ్డు దాకా, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చేది ఆ పిల్ల. నాలుగేళ్ళు నిండీ నిండకుండా ఉంది. గుండ్రటి మొహం, నూనె కారే రెండు జడలు.

మాటలంటే మాటలా! వాళ్ళ ఇంటి ముందు కొర్రమీను ఎగిరిన సంగతి, నాయనమ్మకి కట్టుడుపళ్ళు పెట్టిన సంగతి, గూడబాతు నోట్లో సంచీ ఉంటుందన్న సంగతి. ఆగేది కాదు. జాబితాలో ఉన్నది మాత్రం ఒక్కటీ రాదు.

మా క్లాసు గోడమీద పెయింటర్ చేత ఏ నుంచి జెడ్ దాకా బొమ్మలు వేయించారు. మొదటి వారంలోనే నేను కర్రతో చూపిస్తూ "డి ఫర్ డక్. డక్ అంటే బాతు," అన్నాను. అందరూ అన్నారు. దీవెన లేచి నిలబడింది.

"కాదండి. అది బాతు కాదండి. బుడుబుంగండి."

"బాతు. కూర్చో."

"బాతుకి తోక ఉంటుందండి. దీనికి లేదు కదండి. ఇది ఇప్పుడు మునిగిపోద్దండి. ఇంకోచోట తేలుద్దండి, ఆయ్!"

పిల్లలంతా గొల్లుమన్నారు. వరండాలో రబ్బరు చెప్పులు ఆగాయి. నేను దీవెన రెక్క పట్టుకుని గుమ్మం అవతల నిలబెట్టి, నోటిమీద వేలు పెట్టించి, "టీచర్ పిలిచేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు," అన్నాను. నా క్లాసులో అదే శిక్ష. కొట్టే అలవాటు నాకు లేదు. అందుకని నన్ను నేను మంచి టీచరుననుకునేదాన్ని.

దసరా సెలవులు దాటినా ఆ పిల్లకి ఇరవై దాటి అంకెలు రాలేదు. నర్సరీకి దించేస్తారేమోనని తండ్రి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా లంకలో ఇంగ్లీషు బడికెళ్ళేది ఈవిడొక్కత్తేనండి టీచర్ గారూ. దించేత్తే మేం తలెత్తుకోలేవండి," అన్నాడు. నాకూ పంతం వచ్చింది. రోజూ ఇంటర్వెల్‌లో దాన్ని నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. నేను అనాలి, అది అనాలి. తప్పొస్తే మళ్ళీ వన్ నుంచి. మధ్యలో సొంతమాట ఒక్కటి వచ్చినా గుమ్మం అవతల.

ఒకరోజు అలా నిలబెట్టి మరిచిపోయాను. భోజనాల గంట కొట్టారు, వెళ్ళి తిన్నాను, తోటి టీచర్లతో కబుర్లు చెప్పాను. తిరిగి వచ్చేసరికి అక్కడే ఉంది. వేలు నోటిమీదే ఉంది. గౌను తడిసి కాళ్ళ కింద మడుగు కట్టింది. క్యారియర్ విప్పలేదు. నేను "దీవెనా, కమిన్" అనేదాకా కదల్లేదు. నిజం రాయాలనే కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. ఆ క్షణాన నాకు కలిగింది జాలి కాదు. చూశారా, పిల్ల ఎంత దారిలోకి వచ్చిందో అనుకున్నాను.

నిద్రలో వేళ్ళు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎల్‌కేజీ పిల్లల్ని అరగంట బల్లల మీద తలవాల్చి పడుకోబెడతాం. టీచర్లకి అదే ఊపిరి తీసుకునే సమయం. ఆ డిసెంబరులో ఒకరోజు నేను కాపీలు దిద్దుకుంటుంటే ఆయా వెంకాయమ్మ వచ్చి నా భుజం తట్టింది. ఆమె మామూలుగా పెద్దగొంతు మనిషి. అప్పుడు గుసగుసగా మాట్లాడింది.

"ఏవండీ, ఒక్కసారి ఇలా చూడండి."

పిల్లలందరూ గాఢనిద్రలో ఉన్నారు. కొందరి నోళ్ళు తెరుచుకుని చొంగ కారుతోంది. కుడిచేతి చూపుడువేళ్ళు మాత్రం బల్లల మీద కదులుతున్నాయి. ముందు దీవెనది ఒక్కటే అనుకున్నాను. తర్వాత పక్కవాడిది, వెనక వరస, గోడవార వరస. అన్నీ ఒకేసారి కిందికి దిగి, ఒకేసారి వంపు తిరిగి, ఒకేసారి ఆగుతున్నాయి. చెక్కమీద గోళ్ళు గీరుకునే సన్నటి చప్పుడు గది నిండా ఉంది. కాసేపు చూస్తే ఏం రాస్తున్నారో కూడా తెలిసింది. ఆ పొద్దున నేను రాయించిన స్మాల్ జి.

"నిద్రలో కూడా రాసేత్తన్నారండి," అంది వెంకాయమ్మ. "నాకేటో బాలేదండి. లేపేయండి."

"పోనీలే, ప్రాక్టీసు," అన్నాను నేను. పైకి నవ్వాను కూడా. కానీ ఆ తర్వాత ఆ అరగంట నేను ఎప్పుడూ గదిలో కూర్చోలేదు. వరండాలోనే తిరిగేదాన్ని.

అందరూ చప్పట్లు కొట్టిన రోజు

జనవరిలో తల్లిదండ్రుల ముందు పిల్లల ప్రదర్శన పెట్టారు. ఎవరు చెప్పాలో కరస్పాండెంట్ గారే నిర్ణయించారు. "మీ లంక పిల్ల చెప్పాలండి శాంత గారూ. ఆ పిల్లకే వచ్చిందంటే ఇక రానిదెవరికి?" అన్నారు.

దీవెన స్టేజీ ఎక్కింది. మైకు దించి పెట్టారు. జాబితాని మొదటినుంచీ ఒక్క తప్పు లేకుండా చెప్పుకుంటూ పోయింది. జనం నోళ్ళు తెరిచారు. అంకెలకి వచ్చింది. "నైన్, టెన్, లెవెన్," అంది. ఆగింది. పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని ఖళ్ళు ఖళ్ళుమని రెండుసార్లు దగ్గింది. "ట్వెల్వ్, థర్టీన్," అని సాగిపోయింది.

పిల్లకి జలుబు చేసిందేమో అనుకున్నారు అందరూ. ఆ దగ్గు నాది. చాక్‌పీసు పొడి పీల్చి పీల్చి మా వృత్తిలో అందరికీ పట్టే పొడిదగ్గు. ఆ అంకె దగ్గర నాకు దగ్గు వస్తుందని కూడా నాకు అంతవరకూ తెలియదు. మూడు నెలలు నా నోటిలోంచి ఏం వచ్చిందో అది ఏదీ వదలకుండా నేర్చుకుంది. ట్వంటీ నైన్ తర్వాత నేను గాలి పీల్చుకునే చోట పీల్చుకుంది. ఆఖర్న ఫ్రాక్ కొంగు సవరించుకుంది. ఫ్రాక్‌కి కొంగు ఉండదు. భుజం మీద లేనిదాన్ని నేను సర్దుకున్నట్టే సర్దుకుంది.

హాలంతా చప్పట్లు. కరస్పాండెంట్ గారు అదంతా క్యాసెట్‌లో రికార్డు చేయించారు. మిగతా సెక్షన్ల పిల్లలకి వినిపించి, దానితోపాటు వల్లె వేయించమన్నారు.

"మీరే మాట్లాడుతున్నారండి"

తర్వాత రెండు వారాలు దీవెన బడికి రాలేదు. ఒక శుక్రవారం కరుణ ఒక్కతే వచ్చింది. గుమ్మం అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మా పిల్ల మాట్లాట్టం లేదండి," అంది.

"స్టేజీ మీద అంత బాగా చెప్పింది కదమ్మా!"

"అదేనండి. ఆ రోజు నుంచి అమ్మా అని పిలవలేదండి నన్ను. ఆకలన్లేదు. మా ఇంట్లో మీరే మాట్లాడుతున్నారండి, పొద్దున లేచింది మొదలు. మా అత్తగారు గాలి సోకిందన్నారు. పాస్టర్ గారొచ్చి ప్రార్థన చేశారండి. చేసి బయటికొచ్చాక, ఈ గొంతు ఎవరిదమ్మా అని అడిగారు. మీరొక్కసారి వచ్చి తీసుకెళ్ళిపోండి."

"ఎవర్ని?"

"మిమ్మల్నేనండి," అంది కరుణ. కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టే అంది.

ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరాను. ఎండ ఉంది కానీ నీళ్ళమీద తెల్లటి మంచు ఇంకా తెరలుగా నిలిచి ఉంది. గుర్రపుడెక్క మధ్య దారి చేసుకుంటూ తాటిదోనె వెళ్ళింది. రేవులో దిగి ఇంటివైపు నాలుగడుగులు వేశానో లేదో, అటునుంచి నా గొంతు వినిపించింది.

"సిట్ స్ట్రైట్. ఫింగర్ ఆన్ యువర్ లిప్స్. ఏయ్, చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

మన గొంతు మనకి బయటినుంచి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. నేను విన్నాను. అందులో ప్రేమ ఉందని నేను అనుకునేదాన్ని. లేదు.

దీవెన అరుగుమీద ఉంది. ముందర నత్తగుల్లలు వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. మా క్లాసులో ఎన్ని బల్లలో అన్ని వరసలు. నన్ను చూసింది కానీ గుర్తుపట్టినట్టు లేదు. ఒక్క గుల్ల మాత్రం విడిగా, గడప అవతల పెట్టి ఉంది. నేను దాన్ని చూపిస్తూ, "అది ఎవరమ్మా?" అన్నాను.

"దీవెన," అంది నా గొంతుతో. "దీవెనకి ఏమీ రాదు. దీవెన ఉత్తినే వాగుతుంది. దీవెన బయట నిలబడాలి."

లేచింది. ఆ గుల్ల తీసి పిడికిట్లో పెట్టుకుంది. మెట్లు దిగి నేరుగా రేవువైపు నడిచింది. దోనెలు కట్టడానికి రేవులోంచి నీళ్ళలోకి ఒక తాటిదుంగ వేసి ఉంది. పాచిపట్టి నల్లగా ఉంది. దానిమీద చివరిదాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి, నోటిమీద వేలు పెట్టుకుని నిలబడిపోయింది.

"రోజూ ఇదేనండి," అంది కరుణ. "పిలిస్తే రాదు. పట్టుకోబోతే ఇంకా ముందుకి జరుగుద్ది. అక్కడ దోనెలకని తవ్వించారండి, మనిషి లోతు. నిన్న చీకటిపడేదాకా అలాగే ఉంది. వాళ్ళ నాన్న నీళ్ళలోంచి ఈదుకెళ్ళి తెచ్చాడు."

నేను దుంగమీద కాలు పెట్టాను. అది కదిలింది. దీవెన అరడుగు ముందుకి జరిగింది. కాలివేళ్ళు నీళ్ళమీదకి వచ్చేశాయి. నేను ఆగి, స్కూల్లో పిలిచినట్టే, "దీవెనా, కమిన్," అన్నాను.

"డోంట్ టాక్," అంది తల తిప్పకుండా, నేను అనేటట్టే, పళ్ళ బిగువున. "టీచర్ పిలిచేదాకా కదలకూడదు."

"నేనే కదమ్మా టీచర్ని!"

ఆ పిల్ల ఎదురుచూస్తున్న టీచరు నేను కాదు. తన లోపల కూర్చుని ఉన్న ఆవిడ పిలవాలి. ఆవిడ పిలవదు, మరిచిపోయి భోజనానికి వెళ్ళింది. ఇరవై మాటలు నోటిదాకా వచ్చాయి. అన్నీ నేను క్లాసులో వాడినవే. ఏది అన్నా లోపలున్న మనిషికే బలం.

అప్పుడు దుంగకి అవతల, గుర్రపుడెక్క పక్కన నీళ్ళు చిన్నగా కదిలి ఒక పిట్ట తేలింది. పిడికెడంత ఉంది. గోధుమరంగు. తోక లేదు. మా క్లాసు గోడమీది బొమ్మ అదే. పెయింటర్ బాతు ఎలా ఉంటుందో మరిచిపోయి తనకి తెలిసిన పిట్టని వేసేశాడు. ఎనిమిది నెలలుగా ఆ గదిలో దాన్ని గుర్తుపట్టింది ఈ పిల్ల ఒక్కతే.

"అదిగో," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, సన్నగా ఉంది. "బాతు వచ్చింది."

దీవెన కదల్లేదు. పిట్ట మునిగింది. నీళ్ళు సర్దుకున్నాయి. కరుణ నా వెనకే నిలబడింది.

"అయ్యో, బాతు మునిగిపోయింది కరుణా," అన్నాను. "ఇంక రాదేమో."

నోటిమీది వేలు కొంచెం జారింది. పిట్ట ఎక్కడో దూరంగా, ఎవరూ చూడని వైపు తేలింది. దీవెన తల అటు తిరిగింది.

"కాదండి," అంది. బొంగురుగా, బహుచిన్నగా, నాలుగేళ్ళ పిల్ల గొంతు. "అది బాతు కాదండి. బుడుబుంగండి."

"అవునమ్మా," అన్నాను. "నాకు తెలీదు. నువ్వు చెప్పావు, నేను వినలేదు."

వెనక్కి తిరిగి, నన్నూ దాటి చూసి, "అమ్మా," అంది. ఆ పిల్ల దుంగమీద ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చేదాకా నేను దుంగ దిగి, రేవు అంచు నీళ్ళలో మోకాళ్ళమీదే ఉన్నాను. కరుణ పిల్లని ఎత్తుకుని, నావైపు చూడకుండా ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసేసుకుంది. వేసుకోవాల్సిందే.

చెప్పనిది

దీవెన మళ్ళీ మా స్కూలుకి రాలేదు. వాళ్ళ లంకలోని అంగన్‌వాడీకి వెళుతోందని తర్వాత తెలిసింది. కరస్పాండెంట్ గారు అడిగితే దూరమని మానేసిందని చెప్పాను. జాబితా పిల్లల్ని ఏం చేస్తుందో ఆ రోజు ఆయనకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రిటైరయ్యేదాకా అదే జాబితా చెప్పాను. గుమ్మం అవతల నిలబెట్టడం మాత్రం మానేశాను. రోజూ పొద్దున్నే ఒక్కో పిల్లనీ నాకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడిగేదాన్ని. మీ వీధిలో కుక్క పేరేంటి, రాత్రి ఎవరి పక్కన పడుకున్నావ్, ఇలాంటివి. కరస్పాండెంట్ గారి చెప్పులు గుమ్మంలో చాలాసార్లు ఆగాయి. నేను చేసింది అంతే. అది సరిపోదని నాకు తెలుసు.

సుజాత వెళ్ళిన మర్నాడు పొద్దున ఆ స్కూలు వీధికి వెళ్ళాను. ఆమె చేరబోయేది అక్కడే. కరస్పాండెంట్ గారు ఇప్పుడు లేరు, స్కూలుకి రంగులు మారాయి. నా పాత గది కిటికీ తెరిచే ఉంది. అంకెలు వల్లిస్తున్నారు. ఆ పిల్లల్లో ఒక్కరూ నన్ను చూసి ఎరగరు.

"నైన్, టెన్, లెవెన్."

ఆగారు. ముప్పైమంది పిల్లలు ఒక్కసారిగా ఖళ్ళు ఖళ్ళుమని రెండుసార్లు దగ్గారు.

"ట్వెల్వ్."

క్యాసెట్ సంగతి నేను మరిచిపోయాను. ఆ స్కూలు మరవలేదు. నేను గేటు ఊచ పట్టుకుని హండ్రెడ్ దాకా విన్నాను. ఎవరైనా "కాదండి" అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. "గుడ్. సిట్ స్ట్రైట్," అని వినిపించింది. అది టీచరు అందో, పిల్లల్లో ఎవరైనా అన్నారో నాకు తెలియలేదు.